బాగ్ లింగంపల్లిలో పాత ఫియట్

నారాయణగూడ చౌరస్తా నుండి బాగ్ లింగంపల్లికి నడిచి వెళితే ఇరవై నిమిషాలకు మించి పట్టదు. 'బాగ్' అంటే తోట. హైదరాబాదులో బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్ అంబర్‌పేట వంటి పేర్లు ఎన్నో ఉన్నాయి. తోటలు పోయాయి, పేర్లు నిలిచాయి. నేటి బాగ్ లింగంపల్లికి ఒకవైపు అజామాబాద్ పారిశ్రామిక వాడ, వజీర్ సుల్తాన్ టొబాకో కర్మాగారం ఉన్నాయి. లోపల సుందరయ్య పార్కు, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఆర్టీసీ కళ్యాణ మండపం, వాటి చుట్టూ హౌసింగ్ బోర్డు కాలనీ ఇళ్ళు. ఇందిరా పార్కు నుండి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో ఉక్కు వంతెన ప్రారంభమైన తరువాత పైన వాహనాలు వేగంగా సాగిపోతున్నాయి. కింద మాత్రం పాత వీధులు తమ నడక తాము నడుస్తున్నాయి. ఈ ప్రాంతం మీదుగానే హుస్సేన్ సాగర్ మిగులు నీటిని మూసీకి చేర్చే నాలా ప్రవహిస్తుంది. ఆ నాలా సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మేము చెప్పబోయే విషయం చివరకు దాని దగ్గరికే వస్తుంది.

మేము అక్కడికి వెళ్ళింది ఒక పాత కారుకు ధర కట్టడానికి. మాకు చిరకాల పరిచయస్తుడైన ఒక పెద్దాయన పోయిన సంవత్సరం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయన భార్యను మేము ఖాలా అని పిలుస్తాము. ఇద్దత్ గడువు ముగిసింది. అంత్యక్రియల ఖర్చు, చిల్లర బాకీలు తీర్చాక మిగిలిన సొమ్మును వారసులు పంచుకున్నారు. పంచుకోకుండా మిగిలింది ఇంటి పక్క రేకుల షెడ్డులో నిలిచి ఉన్న ఫియట్ కారు ఒక్కటే.

పెద్ద కుమారుడు పాత ఇనుము వ్యాపారిని పిలిపించి చూపించాడు. ఆ వ్యాపారి బరువు లెక్కగట్టి 24 వేలు ఇస్తానన్నాడు. 'ఆ ధరకు నేనే ఉంచుకుంటాను, అందరి వాటాలూ ఇచ్చేస్తాను, నాన్న గుర్తుగా ఉంటుంది' అన్నాడు పెద్ద కుమారుడు. చిన్న కుమారుడి ఆలోచన వేరు. బాగా రంగు వేయించి, కొత్త సీట్లు కుట్టించి అమ్మితే ఐదారు లక్షలు వస్తాయని ఎవరో అతనికి చెప్పారు. నిజామాబాదులో ఒకరు, వరంగల్లులో ఒకరు ఉన్న ఇద్దరు ఆడపిల్లలూ 'మీరు ఎలా అంటే అలాగే' అన్నారు. ఆడపిల్లలు అలా అన్నప్పుడే మరింత జాగ్రత్తగా ఉండాలని ఖాలాకు తెలుసు. అందుకే మాకు కబురు చేశారు. 'ఎవరి హక్కూ పోకుండా ధర చెప్పించండి బేటా' అన్నారు.

ఇందులో హక్కు ఎంత ఉందో చూద్దాము. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన దానిలో కుమారునికి రెండు భాగాలు, కుమార్తెకు ఒక భాగం. ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు గనుక ఆరు భాగాలు. కారు ధర 24 వేలైతే ఖాలాకు 3,000, ఒక్కొక్క ఆడపిల్లకు 3,500 రూపాయలు వస్తాయి. అసలు విలువ అంతకు పది రెట్లు ఉంటే ఆడపిల్లల వాటా 35,000 అవుతుంది. తక్కువ ధర కట్టడమంటే ఆ తేడాను వారి చేతిలో నుండి తీసుకోవడమే. అలాగని లేని విలువను ఉన్నట్లు చూపించి అమ్మితే అన్యాయమయ్యేది కొనేవాడికి. త్రాసు ఎటు మొగ్గినా ఎవరో ఒకరు నష్టపోతారు.

మా వెంట ఉస్తాద్ వచ్చారు. ఆయన ఆర్టీసీ వర్క్‌షాపులో పనిచేసి విరమించిన మెకానిక్. బాల్యంలో నారాయణగూడలోని ఒక షెడ్డులో ఫియట్ కార్ల మీదే పని నేర్చుకున్నారు. చిన్న కుమారుడు మమ్మల్ని చూడగానే బకెట్టు, గుడ్డ తెచ్చి కారు కడగబోయాడు. ఉస్తాద్ అతని చేయి పట్టుకుని ఆపారు. 'దుమ్ము ఉండనీ బేటా. కడిగిన కారు నీకు నచ్చినట్లు మాట్లాడుతుంది. కడగని కారు నిజం మాట్లాడుతుంది' అన్నారు.

ఆ కారు మొదటి రిజిస్ట్రేషను 1958లో జరిగింది. మర్హూమ్ దానిని 1974లో మరొకరి వద్ద కొన్నారు. 1997 దాకా నడిపి, ఆ తరువాత షెడ్డులో నిలిపారు. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ఇటలీ ఫియట్ నమూనాతో మనదేశంలో తయారుచేసిన 1100 రకం అది. ఇంజిన్ సామర్థ్యం 1089 సీసీ. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు తలుపుల కీళ్ళు వెనుకవైపు ఉంటాయి గనుక అవి మనం అలవాటు పడిన దిక్కుకు వ్యతిరేకంగా తెరుచుకుంటాయి. ఈ వంశానికి చెందినదే తరువాతి కాలంలో ప్రీమియర్ పద్మినిగా మన వీధుల్లో తిరిగింది. మా తరం వారిలో పెళ్ళిబారాత్‌కు ఇటువంటి కారులో కూర్చోనివారు అరుదు.

ఉస్తాద్ ముందుగా అడిగింది కారు తాళం కాదు, ఆర్‌సీ పుస్తకం. ఖాలా ఇనుప పెట్టెలో నుండి గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చి ఇచ్చారు. అందులోని ఛాసిస్ సంఖ్యను, ఇంజిన్ సంఖ్యను కారు మీద అచ్చొత్తిన సంఖ్యలతో ఒక్కొక్క అంకె చొప్పున సరిచూశారు. రెండూ కలిశాయి. 'సగం ధర ఇక్కడే ఉంది' అన్నారు. పెట్రోలు ఖర్చు భరించలేక ఒకప్పుడు చాలామంది ఇటువంటి కార్లలో డీజిల్ ఇంజిన్లు అమర్చుకున్నారు. పుట్టిన ఇంజినుతోనే ఉన్న కారు అందువల్ల విలువైనది. పుస్తకంతో పాటు పాత పన్ను రసీదులు, బీమా కాగితాలు, మరమ్మతుల బిల్లులు కూడా ఉన్నాయి. మర్హూమ్ ఏ కాగితాన్నీ పారేయలేదు.

తరువాత రంగు చూశారు. పైన బూడిదరంగు వెలిసిపోయి ఉంది. తలుపు రబ్బరు కింద, డిక్కీ మూత లోపలివైపు, డాష్‌బోర్డు అడుగున కూడా అదే రంగు కనిపించింది. కారుకు ఎన్నడూ మరో రంగు పడలేదన్నమాట. జేబులో నుండి చిన్న అయస్కాంతం తీసి గుడ్డ చుట్టి మడ్‌గార్డుల మీద, తలుపుల మీద ఆనించారు. ఇనుప రేకు ఉన్నచోట అయస్కాంతం అతుక్కుంటుంది. సొట్టను పుట్టీతో పూడ్చి రంగు వేసినచోట అతుక్కోదు. ఎడమ వెనుక మడ్‌గార్డు మీద అరచేయంత మేర మాత్రం అయస్కాంతం జారిపోయింది. మిగిలినదంతా అసలు రేకే. ఆపైన లేని వస్తువుల పట్టిక రాయించారు. ఒక చక్రం మూత, ఒక వైపర్ చేయి, వెనుక సీటు మీది పాత తొడుగు లేవు. ముందు జాలీ, దీపాల చట్రాలు, మీటర్లు, అద్దాలు అన్నీ ఉన్నాయి. పాత కారులో ఇంజిన్ చెడితే బాగుచేసేవాడు దొరుకుతాడు. చిన్న అలంకారపు ముక్క పోతే దానికోసం ఊళ్ళు తిరగాలి. అందుకే పూర్తిగా ఉన్న కారుకు, ముక్కలు పోయిన కారుకు ధరలో అంత తేడా.

ఇంజినును స్టార్ట్ చేసి చూద్దామని పెద్ద కుమారుడు కొత్త బ్యాటరీ తెచ్చి ఉంచాడు. ఉస్తాద్ అంగీకరించలేదు. ఏళ్ళ తరబడి నిలిచిన పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరును మూసేస్తుంది. సిలిండర్ల లోపల నూనె పూత ఆరిపోయి ఉంటుంది. తొందరపడి తిప్పితే బాగున్న భాగం కూడా గీసుకుపోతుంది. ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొంచెం నూనె పోసి, చాలాసేపు ఆగి, పైగేరులో వేసి నలుగురం కారును మెల్లగా తోశాము. మొదట కదలలేదు. మూడోసారి ఇంజిన్ ఒక నిట్టూర్పు వంటి శబ్దంతో తిరిగింది. అది బిగుసుకుపోలేదని తేలింది. నడుస్తుందా లేదా అన్నది విప్పి చూస్తేగాని ఎవరూ చెప్పలేరు.

చాయ్ తాగుతూ చిన్న కుమారుడు అడిగాడు: 'ఇంత మాసిన కారును ఎవరు కొంటారు? రంగు వేయిస్తే తప్పేమిటి?' అతనికి మేము రెండు సంగతులు చెప్పాము.

మొదటిది మన ఊరిదే. కింగ్ కోఠి ఇక్కడికి ఎంతో దూరం లేదు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నివసించిన చోటు అది. ఆయన తండ్రి మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లాండు నుండి ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును తెప్పించదలచారు. అది చేరకముందే 1911 ఆగస్టులో ఆయన మరణించారు. సింహాసనం వంటి ఆసనం అమర్చిన ఆ పసుపురంగు కారు కుమారునికి దక్కింది. అది తిరిగిన దూరం చాలా తక్కువ. ఈనాడు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళేవారు దానిని చూడవచ్చు. ఎవరి కోసం, ఎప్పుడు, ఏ రూపంలో తయారైందో చెప్పే చరిత్ర చెక్కుచెదరకుండా వెంట ఉండటం దాని గౌరవానికి ఒక పెద్ద కారణం.

రెండోది ఫ్రాన్సు దేశంలో జరిగింది. బాయోన్ అనే రవాణా వ్యాపారి సేకరించిన కార్లు దశాబ్దాల పాటు షెడ్ల కింద పడి ఉన్నాయి. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వాటిని ఉన్నవి ఉన్నట్లే, దుమ్ముతోనే వేలం వేశారు. పాత పత్రికల కట్టల కింద దొరికిన ఒక ఫెరారీ కారు కోటీ అరవై లక్షల యూరోలకు పైగా పలికింది. కొన్నవారు దుమ్ముకు డబ్బు ఇవ్వలేదు. ఆ దుమ్ము కింద ఎవరూ చేయి పెట్టలేదన్న నమ్మకానికి ఇచ్చారు. రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. అసలు రంగును ఒకసారి గీకేస్తే తిరిగి తేలేము.

'అయితే మన కారూ కోట్లు చేస్తుందా?' అని చిన్న కుమారుడు నవ్వాడు. చేయదు. ఆ ఫెరారీ వంటివి ప్రపంచంలో వేళ్ళమీద లెక్కించదగినన్నే. మన ఫియట్లు వేల సంఖ్యలో తయారయ్యాయి. అరుదైన వస్తువుకు పాతబడటం వల్ల విలువ పెరుగుతుంది. సాధారణ వస్తువుకు మాత్రం సంపూర్ణంగా, నిజాయితీగా మిగిలి ఉండటం వల్లనే విలువ వస్తుంది. ఈ భేదం తెలియక కొందరు ప్రతి పాత కారూ నిధి అనుకుంటారు, మరికొందరు ప్రతి పాత కారూ తుక్కు అనుకుంటారు.

అప్పటికి ఉస్తాద్ నోటిలెక్క కట్టారు. ఇటువంటి కారు మంచి నడకలో ఉంటే తమ ఎరుకలో ఆరు లక్షల వరకు అమ్ముడైందన్నారు. దీనిని ఆ స్థితికి తేవాలంటే బ్రేకులు, పెట్రోలు ట్యాంకు, వైరింగు, టైర్లు, ఇంజిన్ విప్పడం కలిపి రెండు లక్షలు అవుతాయి. విప్పాక ఏమి బయటపడుతుందో తెలియదు గనుక కొనేవాడి భయానికి 80 వేలు తగ్గించాలి. మిగిలేది 3 లక్షల 20 వేలు. అందరి ముఖాలూ వికసించాయి.

'ఇంకొక్కటి చూడాలి' అని ఉస్తాద్ లేచారు. ఈ కారుకు విడిగా ఛాసిస్ చట్రం లేదు. అడుగు రేకు, తలుపుల కింది పెట్టెలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే గూడుగా బరువు మోస్తాయి. అడుగు పుచ్చితే కారే పుచ్చినట్లు. 'వరదల్లో నీళ్ళు వచ్చాయా?' అని అడిగారు. 'షెడ్డు ఎత్తు మీద ఉంది, రాలేదు' అన్నారు కుమారులిద్దరూ దాదాపు ఒకేసారి. ఉస్తాద్ మారుమాట అనకుండా తలుపు లోపలి అట్ట తొడుగును అనుమతి అడిగి విప్పారు. తలుపు సగం ఎత్తున, పెన్సిలుతో గీసినట్లు, ఎండిన బురద చార ఒకటి కనిపించింది.

కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. గడపలో కూర్చున్న ఖాలా అన్నారు: 'వచ్చాయి బేటా. 2000 సంవత్సరం ఆగస్టులో వచ్చాయి. వీళ్ళిద్దరూ అప్పుడు ఊళ్ళో లేరు. నాలా పొంగి ఇంట్లోకి వస్తే మేము మేడమీద రెండు రాత్రులు గడిపాము. మీ చాచా పైనుంచి కారును చూస్తూ కూర్చున్నారు.'

ఆ ఆగస్టు నెల హైదరాబాదులో పెద్దలకు ఇంకా గుర్తుంది. ఒక్క రోజులో కురిసిన వాన నగరాన్ని ముంచింది. ఈ వీధులకు దగ్గరే ఉన్న సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి సైతం నీరు చేరి పుస్తకాలు తడిసిపోయాయి. ఉర్దూ పాత పత్రికల భాండారం ఉన్న చోటు కూడా అదే. నీటికి కాగితమూ ఇనుమూ ఒకటే.

ఉస్తాద్ కాళ్ళ కింది చాపలు ఎత్తి, స్క్రూడ్రైవరుతో అడుగు రేకును నెమ్మదిగా పొడిచి చూశారు. డ్రైవరు కాళ్ళ దగ్గర రెండుచోట్ల అది అప్పడంలా లోపలికి దిగింది. ఆ రేకు కోసి కొత్తది అతికించడానికి మరో 80 వేలు. ధర 2 లక్షల 40 వేలకు దిగింది. 'పైన మందపాటి కార్పెట్టు పరిస్తే...' అని చిన్న కుమారుడు మొదలుపెట్టి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

మనకందరికీ తెలిసిన సంఘటన ఒకటుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యం కుప్పలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. అటువంటప్పుడు తడిసిన దానిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడితో తనకు సంబంధం లేదని హెచ్చరించారు. అక్కడ వాన పడటం వ్యాపారి తప్పు కాదు. తడిని అడుగున ఉంచడం తప్పు. ఈ కారు విషయమూ అంతే. నాలా పొంగడం ఈ ఇంటివారి తప్పు కాదు. కార్పెట్టు పరిస్తే మాత్రం తప్పవుతుంది. దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి ధర్మశాస్త్రం కల్పించింది కూడా.

ఇక కాగితాల సంగతి. యజమాని మరణించినప్పుడు కారు ముందుగా వారసుని పేరు మీదికి మారాలి. దానికి ఫారం 31 నింపి, మరణ ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకార పత్రాలు జతచేయాలి. ఈ పని చేయకుండా అమ్మితే కొన్నవాడు కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజినులలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికి వింటేజ్ గుర్తింపు లభిస్తుంది. రాష్ట్ర సంకేతం తరువాత 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. అటువంటి కారును రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి వాడరాదు. ప్రదర్శనలకు, నిర్వహణకు, ఇంధనం నింపుకోవడానికి నడపవచ్చు. అసలు రూపాన్ని చెడగొట్టకపోవడం వల్ల చట్టం దృష్టిలోనూ లాభమే ఉందని దీనివల్ల తెలుస్తుంది.

పెద్ద కుమారుడు చాలాసేపు ఆలోచించాడు. 2 లక్షల 40 వేల లెక్కన మిగతావారికి వాటాలు ఇచ్చే స్తోమత తనకు లేదని ఒప్పుకున్నాడు. 24 వేలకు తీసుకుని ఉంటే ఎంత భారం మోయవలసి వచ్చేదో అని మెల్లగా అన్నాడు. బురద చారతో సహా ఫోటోలు తీసి అక్కాచెల్లెళ్ళకు పంపించాడు. అమ్మడానికే నిశ్చయమైంది. కారు ముందు అద్దానికి ఒక కాగితం అంటించారు. మొదటి వాక్యం ఖాలా చెప్పి రాయించారు: 2000 ఆగస్టు వరదలో ఈ కారు సగం తలుపు దాకా నీట మునిగింది. దాని కింద పుచ్చిన రేకు, పుట్టీ పెట్టిన చోటు, లేని వస్తువులు, చివరగా ఉన్న మంచి గుణాలు.

ఆ మొదటి వాక్యం చదివి ఇద్దరు వెళ్ళిపోయారు. మూడో వ్యక్తి చదివి, చాప పరిపించుకుని కారు కిందికి దూరి గంటసేపు చూశాడు. కాగితంలో రాసినదానికి మించిన లోపం ఏదీ కనిపించలేదన్నాడు. 2 లక్షల 28 వేలకు బేరం కుదిరింది. ఖాలాకు 28,500, కుమారులకు 66,500 చొప్పున, కుమార్తెలకు 33,250 చొప్పున వచ్చాయి. 3,500 రూపాయలకు తల ఊపిన ఆడపిల్లలకు ఆ సొమ్ము అందిన రోజున మేమూ అక్కడే ఉన్నాము.

ఖాళీ అయిన షెడ్డును ఊడుస్తూ చిన్న కుమారుడు అన్నాడు: 'అమ్మీ, ఆ మొదటి వాక్యం రాయకపోతే ఇంకో లక్ష వచ్చేదేమో. మనకు తగ్గిపోయింది.'

'తగ్గలేదు బేటా' అన్నారు ఖాలా. 'అవి మనవి కావు.'